పటం ముందు అన్న మాట

సముద్రం అవతలి రాజుగారి పేరున మన్నెవాడలో దొర పెద్ద సభ పెట్టాడు. కుర్చీలో రాజుగారి పటం నిలబెట్టి, "దీని ముందు అన్న మాట రాజుగారి ముందు అన్నట్టే. వెనక్కి తీసుకుంటే రాజద్రోహం!" అని చాటాడు. సభ కాగానే ఊరి మేతబీడును లాక్కుని గుర్రప్పందేల మైదానం చేయబోతున్నాడని అందరికీ తెలుసు. మేకలు కాసే అసిరమ్మ అందుకే ముందు వరసలో కూర్చుంది.

దొర రాజుగారి గొప్ప ఎత్తుకున్నాడు. "తరతరాల పగవాళ్ల దేశానికి మా రాజు చుట్టంలా వెళ్లాడు. మొదట గేలి చేసినవాళ్లే, ఆయన నవ్వుతూ వాళ్ల పంక్తిన భోంచేసేసరికి జేజేలు కొట్టారు. కత్తి దుయ్యకుండానే పగ తీరిపోయింది!"

అసిరమ్మ లేచింది. "తిన్నాక వాళ్ల పెరడు తనదన్నాడా, దొరబాబూ?"

"ఛీ! చుట్టమై వెళ్లినవాడు ఇంటివాళ్ల నేల లాక్కుంటాడా? అది దొంగల పని!"

"మరి మా ఊరొచ్చి, రోజూ మా మేకపాలు తాగుతూ, మా బీడెందుకు లాక్కుంటున్నారు?"

దొర మొహం కందగడ్డయింది. "అదీ ఇదీ ఒకటి కాదు!"

"ఆ మాట నాతో కాదు, అటు తిరిగి రాజుగారితో చెప్పండి."

దొర అటు తిరగలేకపోయాడు. అసిరమ్మ ముంతెడు మజ్జిగ తెచ్చి పటం ముందు పెట్టింది.

"చుట్టాలకు మా ఊళ్లో ఇదే మర్యాద, రాజుగారూ. తాగి, మీ దొరను కూడా వెంటబెట్టుకుని పొద్దుండగానే బయల్దేరండి," అంది.

ఆ తర్వాత మేకల మందను సభ మధ్యనుంచే బీడులోకి తోలుకుపోయింది.