దోసిలమ్మ బండ మీద బోర్లా పడుకుని ఎందుకు మొక్కుతారంటే

రాళ్లవాడ దోసిలమ్మ తల్లి దర్శనానికి వచ్చిన అమ్మలూ, బాబులూ! చెప్పులు ఇప్పి మెల్లిగా బండెక్కండి. గోపురం లేదని మొహం చిట్లించకండి. సముద్రం కంటే పెద్ద గుడి ఎక్కడున్నా సూపెట్టండి, మా ఊరంతా గుండు గీయించుకుంటాం.

ఈ నీటిగుంటలో వేలెడంత చేప ఉంటాది. ఇసకరంగు. కప్పకున్నట్టు కళ్లు నెత్తి మీద, తల వెనక రెండు నల్లమచ్చలు. పెద్దగా ఈదదు, రాతికి అంటుకుని కూకుంటాది. పొట్టకింద రెక్కలు రెండూ కలిసిపోయి దోసిలి పట్టినట్టుంటాయి. అమ్మవారి రూపం అదే.

పూర్వం ఇక్కడ తెప్పలే గానీ ఇంజన్లు లేవు. సముద్రం ఊపిరి తీస్తే ఊళ్లోకి ఇనపడేది. అప్పుడు ఈ బండ ఒడ్డుకి కోసుదూరం. తర్వాత అమ్మే ఊరిని దగ్గరకి లాక్కుంది. మా తాతకి తాత గరికిన ఎల్లాజీ వేటకెళ్తే, ఏడు తాడిచెట్లంత అల తెప్పని పుల్లలు చేసీసింది. నేను కొలవలేదు, మా నాయనమ్మ కొలిసింది. ఎల్లాజీ ఈదుకుంటా వచ్చి ఈ బండ పట్టుకున్నాడు.

అలొస్తే కళ్లలో ఉప్పు పడకుండా వీపు తిప్పడం మావోళ్ల అలవాటు. ఎల్లాజీ అదే చేశాడు. ప్రతి అలా పీకి అవతల పారేసేది. మళ్లీ ఎక్కేవాడు. అరిచేతుల తోలు ఊడిపోయింది.

ఒడ్డున పెద్దలు, "మూడోనాడు పొద్దుగూకితే గాజులు తియ్యాలి కాసులమ్మా" అన్నారు ఆడి పెళ్లాంతో.

"నా గాజుల మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరుస్తాను! నా మొగుడికి సావడానిక్కూడా తీరిక లేదు" అందామె.

మూడోనాడు ఎల్లాజీకి కునుకు పట్టింది. కలలో ఈ చేప వచ్చి తిట్టింది. "ఒరే మొద్దూ! మూడ్రోజులు నా పక్కనే ఏలాడి కూడా నేర్సుకోలేదా? వీపు సూపితే అల ఎత్తుకుపోద్ది. మొహం సూపు. పొట్ట బండకి కరిపించు. దోసిలి పొట్టకింద పెట్టు."

లేచి అలాగే పడుకున్నాడు. అలలు పైనుంచే పోయాయి. సముద్రమే అలిసిపోయింది. కదిలేముందు చేప తల వెనక రెండు వేళ్లతో నిమిరాడు. ఆడి వేళ్లకి అంటుకున్న, వలకేసే నల్లరంగే ఆ మచ్చలు.

ఈదుకుంటా, పాక్కుంటా ఒడ్డుకి వచ్చేసరికి పొద్దు సగం గూకింది. కాసులమ్మ సూసింది. "ఎక్కడ సచ్చేవు మూడ్రోజులు? పులుసు పాడైపోయింది!" అని అరిసి, అక్కడే కూలబడి ఏడ్సింది.

ఇప్పుడు తెప్పలూ లేవు, ఈ కత సెప్పిన నాయనమ్మా లేదు. అప్పట్లో గుంట నిండా ఉండే చేపని ఇప్పుడు ఎతుక్కోవాలి. అయినా మావోళ్లు వలలో పడ్డ చిన్నచేపని తిరగేసి, దోసిలి కనపడితే నీళ్లలో ఒదిలేస్తారు. కొత్త జంటలు ఇక్కడ పక్కపక్కన బోర్లా పడుకుని, సముద్రానికి మొహం పెట్టి, మూడు అలలు తల మీద పోనిస్తారు. అలాటి ఇంట్లో ఎవరికోసం ఎదురుసూసినా, ఆ మనిషి ఆలస్యంగానైనా వస్తాడని నమ్మకం.

కళ్లజోళ్లు తీసీయండి, పోతే మా పూచీ లేదు. అదిగో, అలొస్తంది. పడుకోండి.