పద్దెనిమిది ఊలు

ఏ అడవో పేరు మరిచాను గానీ, ఆ ఏడాది వాగు ఎండిపోయిన సంగతి మాత్రం బాగా గుర్తు. తాగడానికి నీళ్ళు కావాలంటే ఇసుకలో చెలమ తవ్వుకోవాలి. ఎండదెబ్బకు అందరూ నీరసించి ఉన్నారు, ఒక్క చెలమ తవ్వే ఓపికే మిగిలింది. ఎక్కడ తవ్వాలన్నదే పేచీ.

ఆ అడవి సభకు ముసలెద్దు పెద్ద. ఓర్పు ఎక్కువ, జ్ఞాపకం తక్కువ. సభలో తీర్మానాలు వినిపించే పని నక్కది. సరిగ్గా అప్పుడే పెద్దడవి నుంచి ఏనుగు దొరవారి ఉత్తర్వు వచ్చింది: "పిల్లల మాట వినకుండా చేసిన తీర్మానం చెల్లదు."

"పాలు తాగేవాళ్ళకు సభలేమిటి, విడ్డూరం!" అంది గేదె, నెమరు ఆపకుండానే.

"తప్పు వదినా, ఉత్తర్వు ఉత్తర్వే. పిల్లల సంగతి నాకు వదిలెయ్యండి," అంది నక్క.

మర్నాడు పొద్దున్నే నక్క పిల్లలందరినీ పోగేసి, ఈతపళ్ళు కుప్ప పోసి కూర్చుంది.

"కథ చెబుతాను, ఊ కొట్టాలి. ఊ కొట్టనివాళ్ళకు పండు లేదు. అనగనగా ఒక మంచి నక్క."

"ఊ."

"దాని గుహ ముందు తియ్యటి నీళ్ళ చెలమ."

"ఊ."

"దారి మాత్రం ముళ్ళపొదల మధ్య ఇరుకు సందు. పిల్లలు ఒక్కొక్కరే రావాలి."

"ఊ."

"అమ్మలు గట్టు మీదే ఆగిపోవాలి."

"ఊ… కానీ మామా," అంది కుందేలు పిల్ల, "మేం ఆడుకునే నల్లరాయి పక్కన ఇసుక ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ తవ్వితే..."

"కథ మధ్యలో మాట్లాడకూడదు! చెవులు పొడుగైనంత మాత్రాన బుద్ధి పొడుగవుతుందా? ఊ కొట్టు."

సాయంత్రం సభ కూడింది. నక్క గొంతు సవరించుకుంది.

"చెలమ నా గుహ ముందు తవ్వడానికి పిల్లలంతా ఊ అన్నారు. ఒకసారి కాదు, పద్దెనిమిది సార్లు!"

"ఎంత బుద్ధిమంతులు!" అని గేదె మెచ్చుకుంది.

"మా బుడ్డిది నేను చెప్పిన ఒక్కమాటకూ ఊ అనదే! నువ్వెలా అనిపించావు అన్నా?" అంది తల్లిమేక.

"ప్రేమతో చెల్లెమ్మా, ప్రేమతో."

ముసలెద్దు తల గోక్కుంది. "అంతా బాగానే ఉంది. పిల్లలకు ఏం చెప్పి ఊ అనిపించావు? నాకు చెప్పావా, నేనే మరిచానా?"

"చెప్పాను తాతా, మీరే మరిచారు."

"అయ్యుంటుంది నాయనా, నా మతి అలాంటిదే. అయితే మళ్ళీ చెప్పు. పిల్లల ముందే చెప్పు."

నక్క తోక సర్దుకుని మొదలుపెట్టింది. "అనగనగా ఒక చెలమ. దానికి విశాలమైన దారి. తల్లీ పిల్లా కలిసి..."

"ఊహూ!" అంది మేకపిల్ల. "తప్పు చెబుతున్నావు మామా. విశాలం కాదు, ఇరుకు సందు."

"రెండు పక్కలా ముళ్ళు," అంది బాతుపిల్ల.

"పిల్లలు ఒక్కొక్కరే రావాలి, అమ్మలు గట్టు మీదే ఆగాలి. అలా అన్నావుగా!" అంది కుందేలు పిల్ల.

పెద్దవాళ్ళు కథంతా మరిచినా మరుస్తారు. పిల్లలు ఒక్క ముక్క మారినా ఊరుకోరు కదా!

తల్లిమేక కొమ్ములు వంచింది. "అమ్మలు గట్టు మీదెందుకు ఆగాలి అన్నా?"

"అబ్బే, ఉత్త కథ చెల్లెమ్మా! కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అన్నారు కదా..."

"ముంతకు లేకపోవచ్చు," అంది ఎద్దు, "ఊ కొట్టినవాళ్ళకు ఉన్నాయిరా చెవులు!"

ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, "మీలో ఎవరైనా ఏదైనా చెప్పబోయి ఆగిపోయారా?" అని అడిగింది. కుందేలు పిల్ల నల్లరాయి వైపు చెవులు చాచి చూపించింది. అక్కడ తవ్వితే మోకాలి లోతులోనే నీళ్ళు ఊరాయి.

అందరి కంటే ముందు నక్క నాలుక చాచుకుని వచ్చింది.

"ఆగు మామా," అంది మేకపిల్ల, "నువ్వు ఒక్కడివే, అందరి తర్వాత రావాలి. అమ్మలందరూ గట్టు మీద నిలబడి చూస్తూ ఉంటారు."

"అన్యాయం! ఇదెక్కడి తీర్మానం తాతా?"

"నాకేం గుర్తుంటుంది నాయనా, పిల్లల్నే అడుగుదాం. ఏమర్రా, ఇదేనా తీర్మానం?"

"ఊ!"

పిల్లల చేత ఊ కొట్టించుకున్నంత మాత్రాన వాళ్ళ మాట విన్నట్టు కాదు.