గోడమీద దీపాలు

శశిభూషణ్ పెట్టిన దీపాలు ఆరిపోతున్నాయి. తెల్లవారితే ఆశ్రమంలో ఆరాధన ఉత్సవం.

హైదరాబాదులో పెళ్ళిళ్ళకీ, కంపెనీల సభలకీ వీడియో తెరలు కట్టే పని చేసేవాడతను. ఆ హడావుడి మీద మనసు విరిగి, నాగావళి ఒడ్డున ఉన్న ఆశ్రమానికి వచ్చి రెండేళ్ళయింది. ఆశ్రమం పెద్ద పూర్ణాంబ గారు. అక్కడ అందరూ ఆవిడని అమ్మ అనే పిలుస్తారు. ఆరాధనకి తనకొచ్చిన విద్యతో ఏదైనా సేవ చేస్తానని అడిగితే, సరే చెయ్యి నాన్నా అన్నారు ఆవిడ.

అతని ఊహ మంచిదే. ధ్యానమందిరం కప్పుకి ఒక కెమెరా, దాని పక్కనే గోడమీద బొమ్మ పడేసే ప్రొజెక్టరు బిగించాడు. మనిషి లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా తెల్లగోడమీద ఒక దీపం వెలుగుతుంది. మనిషి నడిస్తే దీపమూ నడుస్తుంది. చేతులెత్తి దణ్ణం పెడితే మంట కాస్త పైకి లేస్తుంది. ముందు వరసలో శాలువాలు కప్పుకున్న వాళ్ళకీ, వెనక గుమ్మం దగ్గర ఒదిగి కూర్చునే కూలివాళ్ళకీ ఒకే పాటి దీపం.

"ఇక్కడికొచ్చి ఎవరూ తక్కువైనట్టు అనుకోకూడదమ్మా" అని అమ్మతో అన్నాడట. మా ఆడపడుచు ఆ ఏడు అక్కడ వంటశాలలో సేవకి ఉండేది. ఇదంతా ఆవిడ కళ్ళారా చూసి చెప్పిన సంగతి.

చిక్కల్లా ఒకటే. కెమెరాకి కదిలేదే మనిషి. ఎవరైనా కాసేపు మెదలకుండా కూర్చుంటే, అది వాళ్ళని చాపో స్తంభమో అనుకుని వదిలేస్తుంది. జపమాల తిప్పే వేళ్ళ కదలిక దానికి ఆనదు. గోడమీద వాళ్ళ దీపం సన్నగిల్లి ఆరిపోతుంది.

రెండు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని సరిచేయబోయాడు. మనుషుల్ని వదలకుండా పట్టుకోమంటే, అది ఖాళీ చాపలకి కూడా దీపాలు వెలిగించింది. చివరికి విసిగిపోయి, మందిరంలో ఉన్న పదిమందితోనూ అన్నాడు: "కాస్త కదులుతూ ఉండండి. తల ఊపినా చాలు."

అందరూ ఊపారు. వంటాయన ఎర్రన్నాయుడైతే రెండు చేతులూ గాల్లో తిప్పి, "సూడండర్రా నా దీపం! కాగడాలాగ లేసిపోనాది!" అని మురిసిపోయాడు.

"సాల్లే మావా, కప్పంటుకోగలదు" అంది పక్కనున్న ఆవిడ.

మూల చాపమీద తవిటమ్మ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. కూతురు మంచాన పడిందని నలభై రోజుల జపం పట్టింది. ఆ రోజు నలభయ్యోది. జపం సగంలో ఉండగా ఈ గోలకి కళ్ళు తెరిచి గోడకేసి చూసింది. అందరి దీపాలూ ఉన్నాయి. తన చాపకి ఎదురుగా చీకటి.

మాల చుట్టబెట్టి, సంచీ భుజాన వేసుకుని లేవబోయింది.

శశిభూషణ్ పరుగున వచ్చాడు. "ఏమయింది మామ్మా?"

"నాదొక్కటే ఆరిపోనాది బాబూ. దేవుడు నా మొర ఆలకించనేదు. నలభై రోజులు... నానేటి తప్పు సేసినానో."

"అయ్యో, అది దేవుడు చేసింది కాదు మామ్మా, కెమెరా. నువ్వు కదల్లేదు, అంతే."

తవిటమ్మ అతని ముఖంలోకి చూసింది. "కదలకుండా కూకోమనే కదా అమ్మ సెప్పినారు?"

అతను అటూ ఇటూ చూసి, కిటికీలో ఉన్న తాటాకు విసనకర్ర తెచ్చి ఆమె ఎడమచేతిలో పెట్టాడు. "ఇది విసురుకుంటూ జపం చేసుకో. నీ దీపం ఎక్కడికీ పోదు."

తవిటమ్మ సంచీ భుజాన ఉండగానే మళ్ళీ కూర్చుంది. విసిరింది. దీపం వెలిగింది. కానీ విసురుమీద ధ్యాసుంటే పూస జరగదు, పూస జరిపితే విసురు ఆగిపోతుంది. రెండు పూసలకోసారి కళ్ళు తెరిచి గోడ చూసుకుంటోంది. ఎక్కడిదాకా వచ్చిందో మరిచి మొదటికెళ్ళింది. మళ్ళీ మరిచింది.

భోజనాల గంట కొట్టారు. మిగతావాళ్ళు లేచి వెళ్ళారు. అప్పుడే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గోడమీద ఆవిడకీ ఒక దీపం వెలిగింది. ఆవిడ అటు చూడలేదు.

తిన్నగా మూలకి వచ్చి, తవిటమ్మ చేతిలోంచి విసనకర్ర తీసి శశిభూషణ్‌కి ఇచ్చారు.

"నువ్వు విసురు నాన్నా. ఆవిడకి రెండు పనులెందుకు?"

ఆ మాట అని, అదే చాపమీద తవిటమ్మ పక్కన సర్దుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

శశిభూషణ్ విసరసాగాడు. తవిటమ్మ పూసలు తిప్పుతోంది. కొంతసేపటికి ఉండబట్టలేక ఓరగా గోడవైపు చూసి ఉలిక్కిపడింది.

"అమ్మా! మీదీ ఆరిపోతంది!"

"పోనీవే. నీ పక్కనే ఉన్నాను కదా."

తవిటమ్మ ఆ ముఖంలోకి చూసింది. భుజాన ఉన్న సంచీ తీసి కింద పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఇక తెరవలేదు.

పూసలు మెల్లగా, ఒకే తీరుగా జరుగుతున్నాయి. శశిభూషణ్‌కి చెయ్యి లాగుతోంది. అయినా ఆపలేదు.

చాలాసేపటికి, కళ్ళు తెరవకుండానే అమ్మ అడిగారు. "శశీ, గోడమీద ఎన్నున్నాయి?"

"ఒకటేనమ్మా."

"ఎవరిది?"

అతను తల ఎత్తాడు. అంత తెల్లగోడమీదా ఒకే ఒక్క మంట, ఊగుతూ, ఎగిసిపడుతూ.

"నాది."

"ఊఁ" అన్నారు అమ్మ. "ఇటు కాస్త గట్టిగా విసురు నాన్నా. ఆవిడకి చెమట పడుతోంది."