ఎర్ర తలపాగా, జొన్నపిట్ట

జొన్న తప్ప వేరే పంట ఎరగని ఒకానొక రాజ్యాన్ని కేదారవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన తలపాగా ఎప్పుడూ ఎర్రదే.

ఏటా చలికాలం ఆ చేలమీదికి జొన్నపిట్టలు గుంపులుగా దిగేవి. పసుపు చల్లినట్టు చేనంతా మెరిసిపోయేది. చూస్తూ నిలబడితే ఇల్లు గుర్తుకు రాదు. వాటిలో రెండు జాతులు. ఒకదానిలో మగపిట్ట తల నలుపు, ఇంకోదానిలో ఇటుక ఎరుపు. గింజ తినడంలో మాత్రం రెండూ ఒకటే.

ఎర్రతలవి తన వంశపు పక్షులన్నాడు రాజు. నల్లతలవాటిని కొట్టవచ్చు, ఎర్రతల జాతిని కొట్టినవాడు రాజ్యం విడిచిపోవాలని చాటింపు వేయించాడు.

ఒకరోజు మంచె మీద చేను కాసే ఈరన్నను భటులు పట్టుకొచ్చారు. వాడి వడిసెల రాయి తగిలి సొమ్మసిల్లిన ఆడపిట్ట బుట్టలో ఉంది. ఆడపిట్టలు రెండు జాతుల్లోనూ మట్టిరంగే. అయినా రాజు ఒక్క చూపు చూసి, అది ఎర్రతల జాతిదేనన్నాడు.

"నల్లతల మగపిట్ట దీని పక్కనే ఉండింది దొరా. నా కళ్ళతో చూసినా," అన్నాడు ఈరన్న. పెళ్ళాం నిండు చూలాలు, ఎక్కడికి పోతానని కాళ్ళ మీద పడ్డాడు. రేపు పొద్దు గుంకేలోగా పొలిమేర దాటాల్సిందేనన్నాడు రాజు.

ఆస్థానంలో సోమిదేవయ్య అనే చతురుడు ఉన్నాడు. ఆ సాయంత్రం ఆయన తేరుకున్న పిట్టను రాణి పద్మాంబ దగ్గరికి తీసుకెళ్ళి, జరిగింది చెప్పి, దాని కాలికి సన్నని పసుపుదారం కట్టించాడు.

మర్నాడు రాణి కూడా సభలో ఉండగా, వేరే బుట్ట తెచ్చి రాజు ముందు పెట్టాడు. ఇందులోది ఏ జాతో తమరే చెప్పాలని అడిగాడు.

రాజు మీసం దువ్వాడు. "ఇదా, నల్లతలది. ముఖమే చెబుతోంది."

సోమిదేవయ్య పిట్టను పైకెత్తి దారం చూపించాడు. "నిన్నటి మీ వంశపు పిట్ట ఇదే ప్రభూ. రాత్రికి రాత్రి వంశం మార్చుకుంది."

ఆ దారం తానే కట్టానంది రాణి. సభలో ఎవరూ తలెత్తలేదు. రాజు ముఖం తలపాగా రంగుకు తిరిగింది.

"మరి దీన్ని పోల్చుకునేదెలా?"

"పక్కనున్న జోడును చూసి ప్రభూ. ఈరన్న చెప్పిందీ అదే."

రాజు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బట్టతల బయటపడింది.

"ఇది లేకపోతే నేనూ అంతేనన్నమాట. నన్నెవరు గుర్తుపడతారయ్యా?"

"పక్కన రాణిగారున్నారు కదా ప్రభూ."

ముందు రాణి నవ్వింది. ఆ తర్వాత రాజు పగలబడి నవ్వాడు. చాటింపు రద్దయింది. ఎర్ర తలపాగా బహుమానంగా సోమిదేవయ్య ఇంటికి చేరింది. ఈరన్న ఆ పూటే మళ్ళీ మంచె ఎక్కాడు. దారం విప్పి వదిలిన పిట్ట కోసం, జొన్నకంకి మీద ఒక నల్లతల కాచుకుని ఉందని వాడే చెప్పాడు.