దిగులు తగిలిన ఆవం

అనగనగా, చెప్పినవారూ విన్నవారూ లెక్క మరిచిపోయినంత పాతకాలంలో, ఒక వాగు ఒడ్డున కుమ్మరుల ఊరు ఉండేది. కుండలు కాల్చే ఆవం ఊరందరికీ కలిపి ఒకటే. అది బాగా కాలితే ఊరంతా తినేది, పగిలితే ఊరంతా పస్తు.

ఆ ఊళ్లో ఒక నమ్మకం ఉండేది. దిగులుపడ్డ మనిషి చెయ్యి తగిలితే ఆవంలో కుండలు పగులుతాయట. అందుకని దిగులున్నవాళ్లను వాగు అవతలి పాకలకు పంపేసేవారు. ఇక ఆ ఊరి సంబరం ఏమని చెప్పను? ఉల్లిపాయలు తరగాలన్నా తలుపులు మూసుకునేవారు. పొగ కళ్లలో పడినా తుడుచుకోవడానికి జంకేవారు. పక్కింట్లో నవ్వు వినిపిస్తే అది నిజం నవ్వో కాదో అని గోడ మీదుగా తొంగి చూసేవారు.

ఆవానికి మంట పెట్టే పని గురవయ్యది. మంట రంగు చూసి కట్టె వెయ్యడంలో అతనికి సాటి లేరు. అయితే మట్టి గోతిలో గట్టు విరిగిపడి తమ్ముడు చనిపోయినప్పటినుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. గుండెల మీద బండ పెట్టినట్టు ఉండేది. ఎవరికి చెప్పుకుంటాడు? పొద్దున్నే ముఖం కడుక్కుని, ఒక నవ్వు తగిలించుకుని పనికి వచ్చేవాడు.

ఒకనాడు ఆవం ముందు కూర్చున్నాడో లేదో తల వాలిపోయింది. ఉలిక్కిపడి లేచేసరికి మంట చల్లబడింది. కంగారుగా చేతికందిన కట్టెలన్నీ ఎక్కించాడు. ఆవం విప్పితే సగం కుండలు పగిలి ఉన్నాయి.

"ఎవరి దిగులో తగిలింది," అన్నాడు ఊరిపెద్ద చిట్టెన్న.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చూపులన్నీ తిరిగి తిరిగి పోలమ్మ మీద ఆగాయి. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె. మూట కట్టుకుని వాగు దాటింది. గురవయ్య తల ఎత్తకుండా పెంకులు ఏరుతూ ఉండిపోయాడు.

రెండో ఆవమూ అలాగే పగిలింది. ఈసారి భద్రుడి వంతు. కుండలు చేసే సారె తిప్పుతూ తనలో తాను మాట్లాడుకుంటాడని ఎవరో చాడీ చెప్పారు. అతన్నీ పంపేశారు. హమ్మయ్య, నా సంగతి బయటపడలేదు అనుకున్నాడు గురవయ్య. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరైనా తనవైపు కాస్త ఎక్కువసేపు చూస్తే, తెలిసిపోయిందేమో అని నవ్వు ఇంకాస్త పెంచేవాడు.

మూడో ఆవమూ పగిలింది.

"చుక్కమ్మ కళ్లు తుడుచుకుంటుంటే నేను చూశాను," అంది ఒకావిడ. చుక్కమ్మ ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు.

"అమ్మ గుర్తొచ్చింది పెద్దయ్యా, అంతే. నన్ను పంపకండి," అని ఆ పిల్ల చిట్టెన్న కాళ్లు పట్టుకుంది.

ఇక గురవయ్య ఉండబట్టలేకపోయాడు.

"ఆ పిల్లను వదిలెయ్యి పెద్దయ్యా. ఆవం దిగులుకు పగల్లేదు, మంట తప్పి పగిలింది. మంట పెట్టింది నేను. తమ్ముడు పోయినకాడినుంచి నాకు నిద్ర లేదు. మంట రంగు కూడా తెలియడం లేదు. చెబితే నన్నూ వాగు దాటిస్తారని దాచాను."

చిట్టెన్న చుక్కమ్మను లేవనెత్తాడు. "ముందే చెబితే నీ పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టేవాళ్లం కదరా," అన్నాడు.

"చెప్పనిచ్చారా?" అన్నాడు గురవయ్య.

ఆ సాయంత్రమే అందరూ వాగు దాటి వెళ్లారు. "నీ తప్పేం లేదని తేలింది, ఇంటికి రా తల్లీ," అని చిట్టెన్న పోలమ్మను పిలిచాడు.

ఆమె కదల్లేదు. "తప్పు లేదని తేలింది సరే. నా ఏడుపు మాత్రం ఆగలేదు పెద్దయ్యా. ఇలాగే వస్తే రానిస్తారా?"

చిట్టెన్న తల దించుకున్నాడు. ఆమె మూట తానే భుజానికెత్తుకున్నాడు. "ఇలాగే రా," అని, అందరిముందూ బావురుమన్నాడు. భార్య పోయిన పదేళ్లకు ఊరు ఆయన కన్నీళ్లు చూడటం అదే మొదలు.

గురవయ్యను వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. తరువాతి ఆవంలో కుండలు పేర్చింది పోలమ్మే. ఆమెతోపాటే తిరిగొచ్చిన భద్రుడు తనలో తాను మాట్లాడుకుంటూనే గురవయ్య పక్కన కూర్చుని మంట కాచాడు. ఒక్క కుండా పగల్లేదు.

మనసు నొచ్చినవారిని అనుమానించి దూరం పెడితే బాధ పోదు, దాక్కుంటుంది; అలా దాక్కున్న బాధే ఊరికి చేటు.