రెండు వేళ్ల గిటారు

కరుణాకర్ మాస్టారుని ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పరు. ముందు చేతిలో ఉన్న చెక్కకి ఉప్పు కాగితం పట్టడం పూర్తిచేస్తారు, తర్వాత టీ తాగుతారు, ఆ తర్వాత అడిగినవాడికే ఏదో పని అప్పజెప్తారు. కాకినాడలో ఆయన ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేసే షెడ్డులో నేను ఇరవై రెండేళ్లు పాలిష్ పని చేశాను. ఆయనకున్న ఈ అలవాటు మీద నేను విసుక్కున్నంతగా మరి దేనిమీదా విసుక్కోలేదు.

శశిభూషణ్ అని పళ్ల డాక్టరు ఉండేవాడు. చిన్నప్పుడు మాస్టారి దగ్గర గిటారు నేర్చుకున్నాడు. ఆయన ఆదివారం వచ్చాడంటే మా పని సాగేది కాదు. మనిషి ఒక్కచోట కూర్చోడు. గోడకి తగిలించిన గిటారల్లా దింపడం, రెండు ముక్కలు వాయించడం, మళ్లీ తగిలించడం. వింత గిటార్లంటే ఆయనకి పిచ్చి. నెక్, అంటే తీగలు నొక్కే పొడుగు కాడ, రెండున్నది, తల లేనిది, పాడైన పియానో చెక్కతో చేసినది, ఇలా పదకొండు పోగుచేసి ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టాడు. వాటి గురించి చెప్పడం మొదలుపెడితే మాత్రం, ఒప్పుకోవాలి, నాబోటివాడు కూడా చేతిలో గుడ్డ పక్కనపడేసి వినేవాడు. ఏ చెక్క స్వరాన్ని మింగేస్తుందో, ఏది ఎంతసేపు మోగనిస్తుందో, కన్నబిడ్డల గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఒక ఆదివారం ఆయన ఆ గోడ దగ్గర అటూ ఇటూ తిరుగుతూనే అడిగాడు. “మాస్టారూ, తెచ్చుకున్న వారం ప్రాణం లేచొస్తుంది. నెల తిరిగేసరికి చెయ్యి ఇంకోదాని కోసం పీకుతుంది. పదకొండింట్లో ఒక్కటీ నాది అనిపించదేం?” దీని ధ్యాసలో నిద్ర కూడా సరిగా పట్టడం లేదన్నాడు. మాస్టారు ఉప్పు కాగితం పడుతూనే ఉన్నారు.

అప్పుడే కెజియా వచ్చింది. సామర్లకోట వైపు ఒక చిన్న చర్చిలో పదిహేనేళ్లు గిటారు వాయించిన మనిషి. మొగుడూ తనూ చెరుకురసం బండి నడుపుతారు. ఎనిమిది నెలల కిందట ఆ మిషన్లో పడి ఎడమచేతి చివరి రెండు వేళ్లూ పోయాయి. అప్పట్నుంచి తనని పాడేవాళ్లలో నిలబెట్టారట. “పాట నాకు నోట్లోంచి రాదండి, చేతిలోంచే వచ్చేది” అంది. వచ్చే నెల నుంచి గిటారుకి వేరే మనిషిని పెడుతున్నారట. బొటనవేలు కాక మిగిలిన రెండు వేళ్లతో వాయించగలిగే గిటారు చేసే వీలుంటే చెప్పమంది. లేకపోతే లేదని ఇప్పుడే చెప్పెయ్యమంది, ఇంక ఆశపెట్టుకోనంది. ఆ మాట విన్నాక నాకు పాలిష్ గుడ్డ చేతిలో ఆడలేదు.

మాస్టారు ఆమె చెయ్యి చాలాసేపు చూశారు. అలాంటిది తానెప్పుడూ చెయ్యలేదని నిజం చెప్పేశారు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, నాకంటే నువ్వే ఎక్కువ గిటార్లు చూశావు, ఆవిడకి ఎలాంటిది కావాలో నువ్వు చెప్పు అన్నారు.

డాక్టరు మొహం వెలిగిపోయింది. షెడ్డంతా తిరుగుతూ చెప్పుకుపోయాడు. నెక్ పొట్టిగా ఉండాలి, ఆరు తీగలు వద్దు, నాలుగు చాలు. నెక్ మీది ఫ్రెట్ కమ్మీలు ఏటవాలుగా దిగ్గొడితే వేళ్లు ఎక్కువ చాచక్కర్లేదు. నెక్ వెనక బొటనవేలు ఆనేలా పొడుగునా గాడి ఉంటే చెయ్యి జారదు... అంటూ మాట మధ్యలో ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో నాకు తెలుసు. అచ్చం అలాంటిది ఆయన బీరువాలోనే ఉంది. పదకొండింట్లో ఆయనకి అదంటేనే ప్రాణం. షిల్లాంగులో పేరు తెలియని వడ్రంగి ఎవరో చేసిందట, ఈయన కొని ఎనిమిదేళ్లయింది. ఆ గాడి వడ్రంగి ఉలి జారి పడిన తప్పనీ, అలాంటి తప్పు మరెక్కడా దొరకదు కనకే దానికంత విలువనీ మాకు కనీసం నలభైసార్లు చెప్పుంటాడు. తీగలు మారిస్తే అసలుతనం పోతుందని తుప్పుపట్టినా మార్చనిచ్చేవాడు కాదు.

మాస్టారు మళ్లీ ఉప్పు కాగితం అందుకున్నారు. నాకే నోరు ఊరుకోక, మీ ఇంట్లో ఉన్నది ఇదే కదండీ అనేశాను. డాక్టరు నన్ను నమిలి మింగేసేలా చూశాడు. దాని కొలతలిస్తాను, అలాంటిదే ఇంకోటి చేయండి అన్నాడు మాస్టారితో. చెక్క ఆరి పని పూర్తవడానికి ఏడు నెలలు పడుతుందన్నారు మాస్టారు. చర్చివాళ్లు ఆగరు గానీ తను ఆగుతానంది కెజియా. డాక్టరు కుళాయి దగ్గరికెళ్లి, చేతులకి ఏమీ అంటకపోయినా శుభ్రంగా కడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇంక రాడనుకున్నాను.

గంటలో ఆ గిటారు పట్టుకొచ్చాడు. మాస్టారు కటింగ్ ప్లయర్ తీసుకుని తుప్పు తీగలు టక్కుమని కత్తిరించేశారు. డాక్టరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కొత్త తీగలు వేసి, రెండు వేళ్లకి అందేలా వేరే శ్రుతిలో కట్టి కెజియా ఒళ్లో పెట్టారు. ఆమె బొటనవేలు ఆ గాడిలోకి తిన్నగా వెళ్లి కూర్చుంది. ఆమె దాన్ని ఒకసారి పైకీ కిందకీ జరిపి చూసుకుంది. తల ఎత్తి డాక్టరుని అడిగింది:

“ముందు దీన్ని చేయించుకున్నోళ్లకీ నాలాగే అయిందాండీ?”

ఎనిమిదేళ్లు ఆ గాడిని ఉలి జారిన తప్పు అన్న మనిషి, వంగి దానివైపే చూశాడు.

ఆమె ఒక పాట మొదలుపెట్టింది. రెండుచోట్ల తప్పు పోయింది, వెనక్కి వెళ్లి సరిచేసుకుంది, చివరిదాకా వాయించింది. వాయిస్తూనే ఏడ్చింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. తీసుకెళ్లమన్నాడు డాక్టరు. ఆమె వద్దంటే, తీసుకెళ్లమ్మా అని ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఆమె దాన్ని చీరకొంగు కప్పి సామర్లకోట బస్సెక్కింది.

డాక్టరు కుదుటపడతాడనుకున్నాను. ఎక్కడ కుదుటపడటం? ముందుకంటే ఎక్కువయింది. గుమ్మం దాకా వెళ్తాడు, వెనక్కి వస్తాడు, ఎడమచేతి వేళ్లు ముడుస్తాడు, విప్పుతాడు. ఆఖరికి వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు. నా చేతికీ ఒకటి చేసిపెట్టండి, ఇంకెవరికీ పనికిరానిది, నాకే సరిపోయేది అన్నాడు.

మాస్టారు టీ గ్లాసు పక్కనపెట్టి ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. బోర్లించారు, వెల్లకిలా తిప్పారు, అయిదు వేళ్లూ ఒక్కొక్కటే వంచి చూశారు.

“చేస్తాను” అన్నారు. “కానీ ఈ చేతికి తక్కువైందేమిటో నువ్వు చెప్పాలి.”