నెప్ట్యూన్‌కి అవతలి చుక్క

అనంతాచార్యులు గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వచ్చి నెత్తిన పడుతుంది. కొండ మీది ఆ వేధశాలలో చేరిన వారానికే ఎవరికైనా ఈ సంగతి తెలిసిపోతుంది. ఆరేళ్ళుగా ఆయన శిష్యురాలైన కుముదినికి మరీ బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"ఒకే దుర్భిణి, ఒకే గురువు. నా తరవాత రెండేళ్ళకి వచ్చిన జలీల్‌కి దొరికింది, నాకెందుకు దొరకలేదు మాస్టారూ?"

దొరికిందేమిటంటే, నెప్ట్యూన్‌కి అవతల, సూర్యుడి వేడి సోకనంత దూరంలో తిరుగుతున్న ఓ మంచుముద్ద. అలాంటివాటిని పట్టాలంటే ఆకాశంలో ఒకే చోటిని కొన్ని గంటల తేడాతో రెండు ఫొటోలు తీసి, తెరమీద మార్చి మార్చి చూడాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. వెంట్రుకవాసి జరిగిన చుక్క కనబడితే పంట పండినట్టే. జలీల్‌కి అది చిక్కిన రోజు అందరూ మైసూర్‌పాక్ తిన్నారు. కుముదిని కూడా తిన్నది, పళ్ళు నూరుకుంటూనే.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "వానమబ్బులు కమ్మేశాయి. జలీల్ చూసింది నెలరోజులే, దాంతో దాని దారి తేలదు. మబ్బు విడిచేసరికి ఎక్కడ వెతకాలో తెలియక పోగొట్టుకుంటాం. మూడేళ్ళ కిందట ఆ వైపు ఫొటోలు పరీక్షించింది నువ్వే కదా. వాటిలో ఎక్కడైనా పడిందేమో చూడు, పడి ఉంటే దారి తేలుతుంది."

ఒళ్ళు మండినా కూర్చుని చూసింది. రెండోనాటి మధ్యాహ్నానికి కనబడింది. రెండు ఫొటోల్లోనూ ఉంది, బుద్ధిగా జరిగి మరీ ఉంది! దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన "మచ్చ, వదిలెయ్" అని రాసి ఉంది. ఆ రాత కుముదినిదే.

ఆమె ఆ రాతని రెండుసార్లు చదివింది. చేజేతులా పోగొట్టుకుంది. ఆ ఏడుపు తీరకముందే మరో ఆలోచన తలెత్తింది. తను నోరు విప్పకపోతే అది జలీల్‌కీ మిగలదు. చప్పుడు కాకుండా ఫైలు మూసేసింది.

టీ వేళకి జలీల్ వచ్చాడు. "ఏమైనా కనబడిందా అక్కా? మా అమ్మీకి ఫోన్ చేసి గొప్పలు చెప్పేశాను. ఇప్పుడు పోయిందంటే ఏ మొహం పెట్టుకోను?"

"ఏం లేదోయ్," అంది కుముదిని.

"సరే అక్కా. నువ్వు చూసి లేదన్నావంటే లేనట్టే," అని వెళ్ళిపోయాడు. తిట్టిపోసినా బాగుండేది! ఆమె టీ అలాగే వదిలేసి ఫైలు మళ్ళీ తెరిచింది. గంటసేపు కిందామీదా పడి, ఫొటోలూ తన దినచర్య పుస్తకమూ పట్టుకుని మాస్టారి గదికి వెళ్ళింది. ఏ ఫొటోలు ఎంతసేపు చూశారో శిష్యులు ఎవరికి వారు చేత్తో రాసుకోవాలని అక్కడి నియమం.

"కనబడింది మాస్టారూ. దాచాను. ఇప్పుడే వెళ్ళి జలీల్‌కి ఇచ్చేస్తాను. పేరు వాడికే వస్తుందనీ తెలుసు. కానీ నా కడుపు రగిలిపోతోంది. కళ్ళెదుట ఉన్నది నాకెందుకు దొరకలేదు?"

మాస్టారు పుస్తకంలో ఆనాటి పుట తీశారు. గంటకి మూడు జతలు చూడవలసిన మనిషి ఆ రోజు గంటన్నరలో పదకొండు జతలు చూసేసింది. అంచున పెన్సిలుతో సన్నగా "జలీల్ – 10 జతలు" అని ఉంది. ఆయన వెనక్కీ ముందుకీ తిప్పారు. "జలీల్ – 4." "జలీల్ – 6." "జలీల్ – సెలవు." మూడేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. కుముదిని తలవంచుకుంది.

ఆయన పుస్తకం మూసి, ఆమె చేతిలో పెట్టారు.

"దొరకలేదంటావేమిటి తల్లీ! ఇన్నాళ్ళూ నువ్వు దేన్ని వెతికావో, అదంతా ఇందులో ఉంది."